రొయ్యల రేటు పడి బాకీలు నిలిచాయి: మోటార్ వైండింగ్ షాపు నడిపేదెలా?

ప్రశ్న: అల్లూరు, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. రొయ్యల గుంటల ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) మోటార్ వైండింగ్ చేస్తాను. బేరింగులు, గేరుబాక్సులు కూడా అమ్ముతాను. అమెరికా సుంకం పెరిగాక రైతులు కొత్త పంట వేయడం తగ్గించారు. పాత బాకీ అడిగితే "రేటు రానివ్వన్నా" అంటున్నారు. మరోవైపు రాగి తీగ ధర పెరిగిపోయింది. షాపులోని ఇద్దరు కుర్రాళ్లను మాన్పించలేను, పని నేర్చినవాళ్లు మళ్లీ దొరకరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే 45 రోజుల్లో బాకీ ఇప్పిస్తారట, నిజమేనా? అరువు ఆపేస్తే ఉన్న ఖాతాలు కూడా పోతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: ఒంగోలు, చిన్న షాపుల జమాఖర్చులు చూస్తాను

అన్నా, రేటు వచ్చేదాకా ఆగవద్దు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, 2026లో తగ్గింది. రొయ్యలకు యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది) దానికి అదనం. అప్పట్లో ఈక్వడార్ రొయ్యకు వేసింది 15 శాతమే, పైగా ఆ దేశం అమెరికాకు దగ్గర. పెద్ద సైజు సరుకు, అంటే 30, 40, 50 కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య), ఎక్కువగా అమెరికాకే పోతుంది కాబట్టి దెబ్బ ముందు దానికే తగిలింది. 100 కౌంట్‌కు చైనా కొనుగోళ్లున్నాయి. మీ ఖాతాల్లో ఎవరు చిన్న కౌంట్‌లోనే పట్టుబడి చేస్తున్నారో, ఎవరు పెద్ద కౌంట్ కోసం గుంట నిలబెట్టారో కనుక్కోండి. ముందుగా డబ్బు చూసేది మొదటివారే. పట్టుబడి జరిగిన వారంలోనే వెళ్లి అడగండి. ఆలస్యమైతే మేత, సీడ్, కౌలు బాకీలవాళ్లు పట్టుకుపోయాక మీకు మిగిలేదేమీ ఉండదు.

అరువు పూర్తిగా ఆపనక్కర్లేదు. విడిభాగాలకు, రాగికి మీరు హోల్‌సేల్ వ్యాపారికి ముందే డబ్బు కట్టారు, కాబట్టి వాటికి రొక్కమే తీసుకోండి. కూలి మాత్రం అరువు పెట్టండి. అది ఆలస్యమైనా షాపులో సరుకు ఖాళీ కాదు. కాలిన మోటారులో తీసిన పాత రాగిని రైతు ఎదుటే తూచి బిల్లులో తగ్గించండి, అతనికి నమ్మకం కుదురుతుంది. సీజనంతటికీ ఒకే రేటు ఒప్పుకోవద్దు. రాగి ధర లండన్ మార్కెట్‌ను బట్టి మారుతుంది, దాని భారం మీ ఒక్కరి నెత్తిన ఎందుకు పడాలి?

ఉద్యమ్ గురించి విన్నది సగమే నిజం. 45 రోజుల గడువు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలో (చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ఉంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. అయితే అది తయారీదారులకు, సేవలు అందించేవారికే. వ్యాపారులకు ఉద్యమ్ నమోదు ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది. మీ వైండింగ్ సేవ కిందికి వస్తుంది, బేరింగుల అమ్మకం రాదు. అందుకే రెండింటికీ వేర్వేరు బిల్లులు రాయండి. ప్రాసెసింగ్ ప్లాంట్లకు, ఐస్ ఫ్యాక్టరీలకు చేసిన పనికి ఇది గట్టి ఆయుధం. ఊళ్లో రైతు మీద మాత్రం ఫిర్యాదు దాకా వెళ్లవద్దని నా మాట. ఖాతా పుస్తకంలో బాకీ మొత్తం, తేదీ రాయించి సంతకం తీసుకోండి. అరువు బాకీకి దావా గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ లోపు సంతకం పడితే అక్కడినుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

జవాబు: కోట, రొయ్యల రైతు

మా వైపు చాలా గుంటలు ఎండబెట్టే ఉన్నాయి. ఉప్పునీటిలో తిరిగిన మోటార్లు అలాగే పడి ఉంటే తుప్పు పట్టి మరీ పాడవుతాయి. ఇప్పుడే తెచ్చి విప్పి, బేరింగు మార్చి పెడతామంటే, పంట మధ్యలో చేసే పనికన్నా తక్కువకు ఒప్పుకుంటే, నేనే ఇస్తాను. వరి రైతులను కూడా వదలకండి. పెన్నా డెల్టాలో నాట్లు మొదలయ్యాయంటే మోటార్ల పని తప్పక ఉంటుంది, తర్వాత ఎడగారు (రెండో) పంటకూ ఉంటుంది. కుర్రాళ్ల చేతికి పని దొరుకుతుంది.

మళ్లీ అల్లూరు నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. వేర్వేరు బిల్లుల సంగతి నాకు తెలియదు, రేపటి నుంచే రాస్తాను. మరో దిగులుంది. షాపు మీద బ్యాంకు అప్పు ఉంది. వచ్చే నెల వాయిదా కట్టడం కష్టమే. ఎగుమతుల దెబ్బకు మారటోరియం (వాయిదాలు కొంతకాలం ఆపే వెసులుబాటు) ఇచ్చారంటున్నారు, మనకు వర్తిస్తుందా?

జవాబు: కావలి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను

2025 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆ వెసులుబాటు ఎగుమతిదారులకు ఉద్దేశించింది. గుంటల దగ్గర మోటార్లు బాగుచేసే షాపు అందులోకి రాదు, దానికోసం ఎదురుచూడవద్దు. మీకు పనికొచ్చేది 2015 నాటి ఎంఎస్ఎంఈ పునరుద్ధరణ విధానం. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ లోపే, వీలైతే ఒక్క వాయిదా కూడా తప్పకముందే, ఇబ్బంది వస్తోందని మీరే రాసి ఇవ్వవచ్చు. 10 లక్షల లోపు అప్పయితే శాఖ మేనేజరు స్థాయిలోనే చూస్తారు, అంతకు మించితే కమిటీకి వెళ్తుంది. సంతకాలున్న ఖాతా పుస్తకం, నిరుటి అమ్మకాలు, ఈ ఏటి అమ్మకాలు పక్కపక్కన రాసిన కాగితం, ఉద్యమ్ పత్రం తీసుకెళ్లండి. కాలపరిమితి పెంచి వాయిదా తగ్గించమని అడగండి. కాగితం ఇచ్చాక ముట్టినట్లు ముద్ర వేయించుకున్న ప్రతి తప్పక మీ దగ్గర ఉంచుకోండి.