ఫార్మేషన్‌ని తెలుగులో ఏమనాలి: విన్యాసమా, వ్యూహమా?

ప్రశ్న: సైనిక జెట్‌ల ప్రదర్శన జట్ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. తొమ్మిది విమానాలు ఒకే ఆకారంలో కలిసి ఎగిరినా, ఒక్కటే గాల్లో తిరగబడినా మనవాళ్లు 'విన్యాసం' అనే రాసేస్తున్నారు. ఫార్మేషన్‌కి 'వ్యూహం' అనొచ్చా? డైమండ్ ఫార్మేషన్‌ని 'వజ్ర వ్యూహం' అంటే ఎలా ఉంటుందండీ?

జవాబు: మొదటిదానికి సగం సరే. రెండోది మాత్రం వద్దండీ.

వ్యూహం అంటే అసలు అర్థం సేనను ఒక ఆకారంలో నిలపడమే. భీష్మపర్వంలో మూడో రోజు కౌరవ సేన గరుడ వ్యూహంలో నిలబడితే ముక్కు దగ్గర భీష్ముడు, కళ్ల స్థానంలో ద్రోణుడూ కృతవర్మా ఉంటారు. ఎవరి చోటు వాళ్లది. బ్రిటన్ రెడ్ ఆరోస్ జట్టులోనూ అంతే: లీడర్‌ది ఒకటో నంబరు, మిగతావాళ్లకి తలా ఒక నంబరు, సీజనంతా అదే చోటు. చిక్కేమిటంటే ఇవాళ వ్యూహం అనగానే ఎన్నికలే గుర్తొస్తాయి. 'జెట్‌లు వ్యూహం మార్చాయి' అని రాస్తే ఎత్తుగడ మార్చాయనుకుంటారు. అందుకే విడిగా వాడకుండా 'గరుడ వ్యూహంలో', 'అర్ధచంద్ర వ్యూహంలో' అని ఆకారం పేరుతో కలిపి వాడండి.

ఇక వజ్ర వ్యూహం. యుద్ధం మొదటి రోజు అర్జునుడు పన్నిన ఆ వ్యూహానికి పేరు ఇంద్రుడి ఆయుధం నుంచి వచ్చింది, నగలోని రాయి నుంచి కాదు. రెడ్ ఆరోస్ తొమ్మిది విమానాలతో కట్టే 'డైమండ్ నైన్'లోని డైమండ్ పేకముక్క మీది డైమను గుర్తు లాంటి ఆకారం. లెక్కల పుస్తకం దాన్ని సమచతుర్భుజం అంటుంది కానీ, 'సమచతుర్భుజ నవకం' అన్నారంటే పాఠకుడు అక్కడే పేజీ తిప్పేస్తాడు. డైమండ్ అనే ఉంచేయండి.

విన్యాసాన్ని తిరగడాలకీ మలుపులకీ వదిలేద్దాం. అక్కడా తేడా చూపించొచ్చు: లూప్ అయితే పల్టీ, రోల్ అయితే పొర్లడం. ఏది చేసినా 'చక్కర్లు కొట్టాయి' అనకపోతే చాలు!

ప్రశ్న: బాగుందండీ. మరి 'ఫార్మేషన్ కీపింగ్'కి 'వరుస తప్పకుండా ఎగరడం' సరిపోతుందా?

జవాబు: కింద నిలబడి చూసేవాళ్లకి సరిపోతుంది, పైలట్‌కి సరిపోదు. అతనికి మొత్తం ఆకారం కనపడదు. పక్క విమానం మీద రెండు గుర్తులు పెట్టుకుంటాడు, రెక్క చివరా పొట్ట మీద ఒక గుర్తూ అనుకోండి. ఆ రెండూ ఒకే గీతలో కనిపిస్తున్నంతసేపు తన చోట్లో ఉన్నట్టే. గీత తప్పిందా, థ్రాటిల్ (ఇంజను జోరు పెంచి తగ్గించే మీట) కాస్త కదపాలి. నేల ఎంత దూరంలో ఉందో చూసుకునేది లీడరే. 1982 జనవరిలో అమెరికా ప్రదర్శన జట్టు థండర్‌బర్డ్స్ వాళ్ల నాలుగు టీ-38 జెట్‌లు పక్కపక్కన లూప్ చేస్తుండగా లీడర్ విమానం పైకి లేవలేకపోయింది. మిగతా ముగ్గురూ అతన్నే చూస్తూ వెంట వెళ్లారు. నలుగురూ చనిపోయారు. అందుకని నేనైతే 'లీడర్‌ని అంటిపెట్టుకుని ఎగరడం' అని రాస్తాను.

పైగా 'వరుస' అంటే అన్నీ ఒకే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు విమానం ఇంజను వదిలే గాలి పోటు తగలకుండా వెనకది కొంచెం దిగువన ఎగురుతుంది. నేల మీంచి చూస్తే ఆ తేడా తెలియదు.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. ఫార్మేషన్ 'బ్రేక్' అయ్యే చోట 'విరిగింది' అని రాయకండి, ప్రమాదం జరిగిందనుకుంటారు. అన్నీ ఒక్కసారిగా తలో దిక్కుకీ పోతే 'విచ్చుకున్నాయి', ఒకదాని తర్వాత ఒకటి పక్కకి తప్పుకుంటే 'విడిపోయాయి'. స్మోక్‌కి పొగ అంటే సరిపోతుంది. నిజానికి రెడ్ ఆరోస్ విషయంలో అది ఇంజను వెనక వేడిలోకి చిమ్మిన డీజిల్ ఆవిరే, రంగు కావాలంటే అందులో డై కలుపుతారు. అయినా 'డీజిల్ ఆవిరి' అని రాస్తే ఎవరు చదువుతారు?