మగ్గుల మీద రంగు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది: లోపం పూతలోనా, వేడిలోనా?

నీలిసిరా:
ఒకే బొమ్మ, ఒకే పెట్టెలోని 12 మగ్గులు. బొమ్మ అచ్చేసిన కాగితాన్ని మగ్గుకు చుట్టి, వేడితో రంగు అంటించే ప్రెస్‌లో 190 డిగ్రీలు, 180 సెకన్లు పెట్టాను, మధ్యలో దేన్నీ ముట్టుకోలేదు. మొదటి రెండూ పేలవంగా వచ్చాయి. నాలుగోది కళకళలాడుతోంది. పదోదానికి వచ్చేసరికి నలుపు గోధుమరంగుకు తిరిగింది. ఆర్డరు మొత్తం మళ్లీ చేయాలి. తప్పు ఎక్కడుంది?

తెల్లమగ్గు:
పూతలోనే. సబ్లిమేషన్ సిరా పింగాణీకి అంటదు, ఆవిరై పాలిస్టర్ పూతలోకి ఇంకుతుంది. పూత పలచగా ఉన్నచోట ఎంత వేడి పెట్టినా రంగు పట్టదు. నాసిరకం మగ్గులు కొని ప్రెస్‌ను తిట్టుకోవడం చాలామంది చేసే పనే.

వేడిపెనం:
నేను ఒప్పుకోను. పూతలో తేడా ఉంటే మంచివీ చెడ్డవీ కలగాపులగంగా రావాలి. ఆయనకు పేలవం, బాగు, మాడు అని వరుసగా వచ్చాయి. అది ప్రెస్ వేడెక్కిన వరుస. చల్లని మగ్గు పెట్టగానే అది వేడిని లాగేస్తుంది, తెర మీద అంకె గబగబా పడిపోతుంది. మీ టైమర్ అప్పటికే నడుస్తుంటే మొదటి మగ్గుకు 180 సెకన్లలో సగం కూడా అసలు వేడి అందదు. పదో మగ్గు నాటికి జాకెట్, అంటే మగ్గు చుట్టూ బిగిసే ప్రెస్ వేడిపట్టీ, నిలువునా కాగి ఉంటుంది. పైగా ఆ అంకె చెప్పేది సెన్సరు ఉన్నచోటి వేడిని, మగ్గు ఒంటి మీది వేడిని కాదు.

తెల్లమగ్గు:
వరుస సంగతి నిజమే, అది నేను చూడలేదు. కానీ పిడి పక్కన పాలిపోయే మచ్చలకు ఏమంటారు?

వేడిపెనం:
అక్కడ జాకెట్ సరిగా ఆనదు. బొమ్మ అంచును పిడికి కాస్త దూరంగా జరపండి, బిగింపు చూసుకోండి. కాగితం చెమ్మగా ఉన్నా మరకలు వస్తాయి.

ఓవెన్‌వాడిని:
అందుకే నేను ఓవెన్‌కు మారాను. సిలికాన్ పట్టీ బిగించి ఒకేసారి ఆరు పెడతాను. సమయం ఎక్కువ పడుతుంది, పట్టీ వదులైతే బొమ్మ జరిగి అంచుల పక్కన నీడలా మసక పడుతుంది. అయినా వేడి చుట్టూ సమంగా తగులుతుంది.

నీలిసిరా:
చేసి చూశాను. ముందు రెండుసార్లు ఖాళీ మగ్గుతో ప్రెస్‌ను కాచాను. ప్రతి మగ్గుకూ అంకె తిరిగి 190కి చేరాకే టైమర్ నొక్కాను. ఎనిమిది మగ్గులు పక్కపక్కన పెట్టి కిటికీ వెలుతురులో చూశాను, నలుపు అన్నిటిలోనూ నలుపుగానే ఉంది! ఒక్కదాంట్లో మాత్రం ఆకాశం మధ్యలో గుండుసూది మొనంత తెల్లచుక్క ఉంది.

తెల్లమగ్గు:
ఆ చుక్క దగ్గర గోరుతో తడిమి చూడండి. గుంటలా తగిలితే అది పూతే.

నీలిసిరా:
తగిలింది.