‘టాక్సిక్ షాక్’కి తెలుగు: ‘విష దిగ్భ్రాంతి’ కుదురుతుందా?

ప్రశ్న: టాక్సిక్ షాక్ సిండ్రోమ్ మీద కరపత్రం తెలుగు చేస్తున్నాం. ముసాయిదాలో ‘విష దిగ్భ్రాంతి’ అని ఉంది. నాకు మింగుడుపడటం లేదండీ. వేరే మాటేమైనా చెప్తారా?

జవాబు 1: దిగ్భ్రాంతి నాయకులు సంతాప సందేశాల్లో వ్యక్తం చేసేది! ఇక్కడ షాక్ అంటే బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలకపోవడం. ‘ఆఘాతం’ అనొచ్చుగానీ, షాక్ అనే ఉంచండి.

జవాబు 2: నా పేచీ ‘విషం’తో. ఎవరో విషం పెట్టారనుకుంటారు. ఈ పని చేసేవి బాక్టీరియా. ముఖ్యంగా రెండు: గుత్తులుగా పెరిగే స్టాఫిలోకాకస్ ఆరియస్, గొలుసుగా పెరిగే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. మొదటిది ఎంతోమంది ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. టీఎస్ఎస్‌టీ-1 లాంటి టాక్సిన్ (బాక్టీరియా వదిలే విషపదార్థం) తయారుచేసే రకమై, ఆ మనిషిలో దానికి యాంటీబాడీలు లేకపోతేనే చిక్కు. పైగా ఆ టాక్సిన్ మామూలు విషంలా పనిచేయదు. యాంటిజెన్ అంటే మన రక్షణ వ్యవస్థ గుర్తించి స్పందించే పదార్థం, ఇదొక సూపర్ యాంటిజెన్. మామూలు యాంటిజెన్‌కి రక్షణ వ్యవస్థలోని ఏ కొద్ది టీ కణాలో స్పందిస్తాయి, దీనికి ఐదో వంతు దాకా ఒకేసారి లేస్తాయి. అవి పుట్టించే సైటోకైన్ల (రక్షణ కణాలు పంపుకునే రసాయన సంకేతాల) ఉప్పెనకి రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. కొంప ముంచేది మన రక్షణ వ్యవస్థే.

ఇంకోటి, దీన్ని ఆడవాళ్ల జబ్బుగా రాయకండి. 1980లో అమెరికాలో నెలసరికి లోపల పెట్టుకునే టాంపన్ల వల్ల ఆ ముద్ర పడింది. 1978లో పిల్లల డాక్టరు జేమ్స్ టాడ్ బృందం ఈ పేరు పెట్టింది ఏడుగురు పిల్లల్లో చూసి. కాలిన గాయం, ఆపరేషన్ కోత, ముక్కులో కుక్కిన గాజుగుడ్డ, ఏదైనా చాలు.

ప్రశ్న: పోనీ, ‘రక్తం విషపూరితం కావడం’ అంటే?

జవాబు 2: అదీ అతకదండీ. స్టాఫ్ కేసుల్లో బాక్టీరియా సాధారణంగా ఉన్నచోటే ఉంటుంది, టాక్సిన్ మాత్రమే రక్తంలోకి పోతుంది. రక్తంలో బాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో చాలాసార్లు ఏమీ పెరగదు. స్ట్రెప్ కేసుల్లో సగానికి పైగా పెరుగుతుంది, మరణాలూ వాటిలోనే ఎక్కువ. అరుదుగా క్లాస్ట్రీడియం సోర్డెలీ అనే మరో బాక్టీరియా కూడా ఇలాంటి షాక్ తెస్తుంది, అందులో జ్వరమే ఉండకపోవచ్చు.

జవాబు 1: అయితే ‘బాక్టీరియా టాక్సిన్ల వల్ల వచ్చే షాక్’ అని పెట్టండి. పొడుగైనా తప్పు లేదు. వారం రెండు వారాల తర్వాత అరచేతులకీ అరికాళ్లకీ వచ్చేదాన్ని మాత్రం ‘చర్మ విశల్కనం’ అనకండి బాబూ, ‘తోలు ఊడటం’ చాలు.