లేత్ మోటారు వేగం మార్చడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది సరిపోతుందా?

ప్రశ్న:
నా చిన్న లేత్‌కు 1 హార్స్ పవర్ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. నేమ్ ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం అని ఉంది. పైన కెపాసిటర్ ఉంది, మోటారు వేగం అందుకునేటప్పుడు లోపల టిక్కుమని శబ్దం వస్తుంది. వేగం మార్చాలంటే ప్రతిసారీ బెల్టును ఒక పుల్లీ మీది నుంచి మరో పుల్లీ మీదికి మార్చవలసి వస్తోంది. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదే కాస్త పెద్దది పెట్టి, నాబ్ తిప్పి వేగం తగ్గించుకోవచ్చా?

జవాబు 1:
దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. మీకు వినిపించే శబ్దం సెంట్రిఫ్యూగల్ స్విచ్‌ది. మోటారు పూర్తి వేగంలో సుమారు ముప్పావు వంతు అందుకోగానే అది స్టార్టింగ్ వైండింగ్‌ను సరఫరా నుంచి తప్పిస్తుంది. ఆ వైండింగ్ కొద్ది సెకన్లకు మించి కరెంటును భరించలేదు కాబట్టి, వేగం బాగా తగ్గి స్విచ్ మళ్లీ కలిసిందంటే అది కాలిపోవడం ఖాయం.

అసలు మీదిలాంటి ఇండక్షన్ మోటారు వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా సరఫరా ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్). వోల్టేజీని సగానికి తగ్గిస్తే టార్క్, అంటే తిప్పే బలం, నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్యాన్ విషయంలో, వేగం తగ్గేకొద్దీ రెక్కల మీద గాలి భారం కూడా తగ్గుతుంది కనుక రెగ్యులేటర్‌తో పని జరిగిపోతుంది. టూల్ లోహాన్ని కోస్తున్నప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. మీకు కావలసింది త్రీ ఫేజ్ మోటారు, దానికి తగిన వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే పరికరం). ఇంట్లో త్రీ ఫేజ్ సరఫరా లేకపోయినా ఫరవాలేదు, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీలు ఉన్నాయి.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే ఆ రకం వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టులే కనుక, నేమ్ ప్లేటు మీద 230/400 అని ఉన్న మోటారునే తీసుకుని, టెర్మినల్ బాక్సులో పట్టీలను 230 వోల్టులకు సరిపోయే డెల్టా అమరికకు మార్చండి. 400 వోల్టులకు ఉద్దేశించిన స్టార్ అమరికలోనే వదిలేస్తే మోటారు తిరుగుతుంది గానీ బలం ఉండదు.

పుల్లీలను మాత్రం పారేయకండి. 25 హెర్ట్జ్ దగ్గర టార్క్ దాదాపు అంతే ఉన్నా పవర్ సగమే ఉంటుంది. బెల్టు మార్చి వేగం తగ్గిస్తే టార్క్ పెరుగుతుంది. పెద్ద వ్యాసమున్న పనికి బెల్టుతోనే తగ్గించి, ఆపైన సన్నని సర్దుబాటు నాబ్‌తో చేసుకోవడం మేలని నా అభిప్రాయం. పైగా మోటారును చల్లబరిచే ఫ్యాన్ దాని షాఫ్టు మీదే ఉంటుంది కనుక, 20 హెర్ట్జ్ కన్నా తక్కువలో భారంతో చాలాసేపు నడిపితే మోటారు వేడెక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. లేత్ మీద ఇప్పుడున్న ఆన్-ఆఫ్ స్విచ్‌ను వీఎఫ్‌డీకి, మోటారుకు మధ్య ఉంచవచ్చా?

జవాబు 2:
ఉంచకూడదు. మోటారు నడుస్తుండగా స్విచ్‌తో ఆ కనెక్షన్‌ను తెంచితే వీఎఫ్‌డీ లోపలి ట్రాన్సిస్టర్లు దెబ్బతినవచ్చు. వీఎఫ్‌డీ నుంచి మోటారుకు నేరుగా తీగలు వేసి, స్విచ్‌ను కంట్రోల్ టెర్మినళ్లకు కలపండి. కరెంటు పోయి వచ్చినప్పుడు లేత్ తనంతట తాను తిరగకుండా సెట్టింగులలో ఆటో రీస్టార్ట్‌ను ఆపివేయండి. మోటారుకు, వీఎఫ్‌డీకి ఎర్త్ తప్పనిసరి. మూత తీయవలసి వస్తే, సరఫరా తీసేశాక కనీసం 10 నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే తీయండి. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది.