మిర్చి చేలో తిరిగే రోబోకు ట్రాకుల చాసీ కావాలా, నాలుగు చక్రాలు చాలవా?

రేగడినేల (గుంటూరు): మిర్చి సాళ్ల మధ్య తిరుగుతూ ఆకుల అడుగుభాగాన్ని ఫొటో తీసే చిన్న రోబోను కళాశాల ప్రాజెక్టుగా చేస్తున్నాము. అల్యూమినియం పలకలు, 12 వోల్టుల గేర్ మోటార్లు రెండు ఉన్న ట్రాకుల చాసీ (చక్రాల చుట్టూ ట్యాంకుకు ఉన్నట్టు పట్టీ తిరిగే అడుగుబండి) కొనాలని నా అభిప్రాయం. నాలుగు చక్రాల చాసీ చాలునని, మిగిలిన డబ్బు కెమెరాకు పెట్టవచ్చునని జట్టులోని మిత్రులు అంటున్నారు. ఏది సబబు?

ఆటోనగర్ (విజయవాడ): ట్రాకులే సబబు. ఎండిన నల్లరేగడి నెర్రెలు విచ్చినప్పుడు చిన్న చక్రం అందులో దిగబడుతుంది. ట్రాకు మాత్రం బరువును పొడవునా పంచి, నెర్రె మీదుగానే సాగిపోతుంది. అయితే పలక మందాన్ని చూసి మురిసిపోకండి. ట్రాకు ఊడేది వదులైనప్పుడు, లేదా పళ్లచక్రమూ చివరి చక్రమూ ఒకే వరుసలో లేనప్పుడు. చివరి చక్రాన్ని జరిపి బిగించుకోవడానికి గాడి ఉన్నదో లేదో చూడండి. పళ్లచక్రాన్ని పట్టి ఉంచే స్క్రూ షాఫ్టు చదును వైపున దిగిందో లేదో కూడా చూసుకోండి. గుండ్రని వైపున బిగిస్తే మోటారు తిరుగుతుంది, బండి కదలదు.

బెజవాడ సర్క్యూట్లు: ఆటోనగర్ గారు వేసవి నేలను మాత్రమే చూస్తున్నారు. నీరు పెట్టిన చేలో జిగురుమట్టి పళ్ల సందుల్లో గట్టిగా కూరుకుపోతే, ఎంత బిగించిన ట్రాకైనా పైకెక్కి ఊడిపోతుంది. పైగా మలుపు తిరిగేటప్పుడు ట్రాకు నేలను పక్కకు రాసుకుంటూ జారుతుంది కాబట్టి మోటార్లు ఎక్కువ కరెంటు లాగేది అక్కడే. మోటార్లకు కరెంటు అందించడానికి విద్యార్థులు అలవాటుగా వాడే ఎల్298ఎన్ డ్రైవరు ఒక్కో మోటారుకు 2 ఆంపియర్ల వరకే ఇస్తుంది, అదీ సుమారు 2 వోల్టులు తానే మింగి వేడెక్కుతూ. ఆ జారుడు వల్ల, చక్రం తిరిగిన చుట్లను లెక్కించే ఎన్‌కోడరు లెక్క కూడా తప్పుతుంది. రోబో ఎంత తిరిగిందో దానికే తెలియదు.

ఆటోనగర్ (విజయవాడ): కరెంటు మాట ఒప్పుకుంటాను, మోటారు బిగుసుకుని ఆగిపోయినప్పుడు లాగే కరెంటును తట్టుకునే, తక్కువ వోల్టేజీ మింగే ట్రాన్సిస్టర్లున్న మాస్‌ఫెట్ డ్రైవరు తీసుకోవలసిందే. జారుడును మాత్రం ట్రాకుల లోపంగా చెప్పడం న్యాయం కాదు. స్టీరింగు లేని నాలుగు చక్రాల చాసీ కూడా ఒక వైపు చక్రాలను ఆపి, రెండో వైపు తిప్పి, జారుతూనే మలుపు తీసుకుంటుంది.

బెజవాడ సర్క్యూట్లు: అది నిజమే. కానీ చక్రానికి పట్టిన మట్టిని పుల్లతో గీకి పారేయవచ్చు, ట్రాకును చేలో విప్పి కడిగి మళ్లీ ఎక్కించాలి. రేగడినేల గారూ, మీరు ఫొటోలు తీసేది తడి ఆరాకనా, తడి మీదనా?

రేగడినేల (గుంటూరు): తడి ఆరాకనే, తడి మీద మమ్మల్నే రైతు చేలోకి దిగనివ్వడు.

బెజవాడ సర్క్యూట్లు: అయితే ట్రాకులే తీసుకోండి. డ్రైవరు మాత్రం చాసీతో వచ్చినది వాడకండి.