అప్‌డేట్: రిలే డ్రోన్ (మధ్యలో ఉండి వేరే డ్రోన్ సిగ్నల్‌ను మనకు అందించేది) ఇప్పుడు కుదురుగా ఉంది
మొన్న అడిగాను కదా, చిత్తూరు దగ్గర మా మామిడితోట మీద నాలుగు డ్రోన్లు ఎగరేస్తే గుట్ట అవతలి దాని వీడియో మాటిమాటికీ తెగిపోతోందని. తప్పు రూటింగ్‌లోనే, అంటే డేటా ఏ దారిన రావాలో ఎంచుకోవడంలోనే ఉంది. నేను వాడిన ఏఓడీవీ అనే రూటింగ్ పద్ధతి తక్కువ హాప్‌లున్న (ఒకదాన్నుంచి ఇంకోదానికి తక్కువ అంచెలున్న) దారినే చూస్తుంది, లింకు ఎంత బలహీనమో పట్టించుకోదు, అందుకే గుట్ట అంచున కొనఊపిరితో ఉన్న ఒక్క హాప్‌నే పట్టుకుని వేలాడేది. మీరు చెప్పినట్టు రిలేగా పనికొచ్చే ప్రతి డ్రోన్‌కీ రెండువైపుల లింకుల్లో బలహీనమైనదాన్ని తీసుకుని, అది దేనికి మెరుగ్గా ఉంటే దాన్నే ఎంచుకునేలా రాశాను. అయినా రిలే రెండు డ్రోన్ల మధ్య గెంతుతూనే ఉంది; కొత్తది కనీసం 5 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) మెరుగైతేనే మారాలని పెట్టాక కుదురుకుంది. నిన్న సాయంత్రం ఫోన్‌లో కాయల గుత్తులు ఆగకుండా కనిపిస్తుంటే నాన్న కళ్లార్పకుండా చూశారు. బ్యాటరీ తగ్గకముందే రిలే పని ఇంకోదానికి అప్పగించడం ఇంకా రాయాలి. చాలా థాంక్స్ అండీ.