జర్మనీకి ఒక సెమిస్టరు ఎక్స్ఛేంజి: లా విద్యార్థుల క్రెడిట్లు, హాజరు, మార్కులు ఇక్కడ ఎలా లెక్కకట్టాలి?

లా_కోఆర్డినేటర్:
మాది యూనివర్సిటీ లా కాలేజీ, ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ. జర్మనీలోని ఒక లా ఫ్యాకల్టీతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదిరింది. ఏడాదికి ఇద్దరు అటు, ఇద్దరు ఇటు; ట్యూషన్ ఫీజు ఎవరి కాలేజీలో వాళ్లే కడతారు. వచ్చే ఏడాది ఏడో సెమిస్టరుకి ఇద్దరిని పంపాలి. క్రెడిట్ల విషయంలో ఎంఓయూలో "పరస్పర అంగీకారంతో" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. హాజరు ఎవరు ఇస్తారు, మార్కులు ఎలా వేయాలి అని ఎగ్జామినేషన్ బ్రాంచి అడుగుతోంది. అక్కడి 30 ఈసీటీఎస్ (యూరప్ క్రెడిట్లు) మన దగ్గర ఎన్ని క్రెడిట్లు అవుతాయి?

సిలబస్_పిచ్చి:
క్రెడిట్ల కన్నా ముందు క్యాలెండర్ చూడండి మేడం. అసలు చిక్కు అక్కడే.

జర్మనీలో వింటర్ సెమిస్టరు కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదట్లోనో మధ్యలోనో ముగుస్తాయి. మన ఏడో సెమిస్టరు జులైలో మొదలై నవంబరుకి అయిపోతుంది. పిల్లలు పరీక్షలు రాసి తిరిగొచ్చేసరికి ఎనిమిదో సెమిస్టరు నడుస్తూ ఉంటుంది. బీసీఐ (బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) 2008 నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు కావాలి కదా, ఎనిమిదిలో అది అందదు. సమ్మర్ సెమిస్టరు ఇంకా దారుణం: ఏప్రిల్ మధ్యలో మొదలై జులైలో ముగుస్తుంది, మన పరీక్షల నెత్తిన పడుతుంది. అందుకే జర్మనీకి పంపితే ఏడు, ఎనిమిది రెండూ కలిపి ఏడాది పంపండి. ఒక్క సెమిస్టరే కావాలంటే సింగపూర్ లాంటిచోట ఆగస్టు - డిసెంబరు మొదటి టర్ము మనకి సరిగ్గా అతుకుతుంది.

ఇక లెక్క. ఏడాదికి 60 ఈసీటీఎస్, సెమిస్టరుకి 30. ఒక్కో ఈసీటీఎస్ 25 నుంచి 30 గంటల పని. క్లాసు, చదువు, పరీక్ష అన్నీ అందులోనే. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్కులో ఒక క్రెడిట్ 30 గంటలు, ఏడాదికి 40. అంటే 30 ఈసీటీఎస్‌కి 20 క్రెడిట్లు, మన 4 క్రెడిట్ల పేపరుకి అక్కడ 6 ఈసీటీఎస్ కావాలి. ఇంగ్లిషులో చెప్పే కోర్సుల్లో 3 ఈసీటీఎస్‌వి కూడా ఉంటాయి. అలాంటివి రెండు కలిపితేనే మన పేపరు ఒకటి. ఇది ముందే చూసుకోకపోతే అలాంటి ఐదు కోర్సులు పాసైన పిల్లవాడికి కూడా ఇక్కడ పది క్రెడిట్లే మిగులుతాయి.

ఏ పేపరుకి ఏది అన్నది ఇంకా ముఖ్యం. బీసీఐ జాబితాలో తప్పనిసరి పేపర్లు 20, క్లినికల్ (ప్రాక్టికల్ శిక్షణ) పేపర్లు 4. సివిల్ ప్రొసీజర్, సాక్ష్య చట్టం, కంపెనీ లా, ట్యాక్స్ లాంటివాటికి జర్మన్ కోర్సుని బదులుగా పెట్టకండి. పేరు కలిసినా చట్టం వేరు, రేపు బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్‌మెంటప్పుడు మార్కుల మెమో చూసి అడుగుతారు. పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, ఆప్షనల్, ఆనర్స్ పేపర్లు హాయిగా సరిపోతాయి. ఏడు, ఎనిమిదిలో తప్పనిసరి పేపర్లు ఉంటే ఆ ఇద్దరికీ ఐదు, ఆరుకి జరపండి. లేదా తొమ్మిది, పదిలో జూనియర్ల క్లాసులో కూర్చోబెట్టండి, టైమ్‌టేబుల్ తగులుకోకపోతేనే.

గ్రేడు_గుమాస్తా:
మార్కుల దగ్గర ఒక పెద్ద గుంట ఉంది, చూసుకోండి.

జర్మనీలో లాకి 0 నుంచి 18 పాయింట్ల స్కేలు. 4 వస్తే పాస్. 7 వస్తే "బెఫ్రీడిగెండ్", అంటే సంతృప్తికరం. తుది ఫలితంలో 9 దాటితే మంచి లాయర్ ఆఫీసులు పిలుస్తాయి, 16 దాటడం మహా అరుదు. మన గుమాస్తా దాన్ని 100తో గుణించి 18తో భాగిస్తే 7 పాయింట్లు 38.9 శాతం అవుతాయి. 40 పాస్ మార్కు ఉన్నచోట ఆ పిల్ల ఫెయిల్! ఫ్రాన్సులోనూ అంతే, 20కి 10 పాస్, 14 వస్తే "బియాఁ", అంటే బాగుంది.

రెండు దారులు. ఒకటి, పట్టీ తయారుచేయడం: 4-6 కి ఏ గ్రేడు, 7-9 కి ఏది అని. రెండోది, క్రెడిట్ మాత్రం ఇచ్చి పాస్ అని రాసి సీజీపీఏ లెక్కలోంచి తీసేయడం. నేనైతే రెండోదే అంటాను, గొడవలుండవు. ఏదైనా సరే పిల్లలు విమానం ఎక్కకముందే అకడమిక్ కౌన్సిల్ తీర్మానం కావాలి. వచ్చాక చేస్తే మార్కులు చూసి చేశారన్న మాట వస్తుంది. ఎక్స్ఛేంజి విద్యార్థులకి వేరే స్కేలు వాడే ఫ్యాకల్టీలూ ఉన్నాయి, ఏ స్కేలో వాళ్ల ట్రాన్స్‌క్రిప్టు మీదే రాయమనండి.

దారిఖర్చు:
హాజరు సంగతి ఎవరూ తేల్చలేదు. జర్మన్ లెక్చర్లలో మామూలుగా హాజరు తీయరు. "70 శాతం సర్టిఫికెట్ ఇవ్వండి" అంటే అక్కడి ఆఫీసుకి అర్థం కాదు. ఎక్స్ఛేంజి కాలానికి ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ట్రాన్స్‌క్రిప్టు కలిపి హాజరుగా పరిగణిస్తామని పైన చెప్పిన తీర్మానంలోనే ఒక వాక్యం చేర్చండి. మరో సంగతి, అక్కడ కోర్సులో చేరితే పరీక్షకి చేరినట్టు కాదు. చాలాచోట్ల పరీక్షకి వేరేగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు దాటితే ఆ కోర్సు పోయినట్టే.

లెర్నింగ్ అగ్రిమెంటు (అక్కడ చదివే కోర్సుల ఒప్పంద పత్రం) మీద విద్యార్థి, మీరు, వాళ్లు ముగ్గురూ సంతకం పెట్టాలి. వెళ్లాక కోర్సులు మారడం మామూలే, ఆ మార్పుల పేజీ మీద మళ్లీ మూడు సంతకాలు. దీన్ని వాట్సాప్‌లో "ఓకే సార్"తో తేల్చేస్తే మెమో ఆగిపోతుంది.

ట్యూషన్ లేకపోయినా సెమిస్టరు రుసుము, హెల్త్ ఇన్సూరెన్సు, అద్దె పిల్లలవే. వీసాకి ఖర్చుల రుజువు 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోలు, ఏడాదికి 11,904. మూడు నెలలు దాటే బస కాబట్టి నేషనల్ (దీర్ఘకాల) వీసా కావాలి, షెంజెన్ టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనుకోకూడదు. ఇల్లు దొరికాక రెండు వారాల్లోపు చిరునామా నమోదు. డిగ్రీ కాగితాలకి అపోస్టిల్ (హేగ్ ఒప్పందం కింద కాగితం విదేశాల్లో చెల్లేందుకు వేసే ముద్ర) వేయించి డబ్బు తగలేయకండి. 2005లో మన దేశం ఆ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, అక్కడ మన అపోస్టిల్ చెల్లదు.

లా_కోఆర్డినేటర్:
ఏడాది పంపడమే మేలనిపిస్తోంది. ఒక్కరే ఏడాది ఉంటే ఇద్దరి లెక్కా? అటునుంచి ఎవరూ రాకపోతే?

సిలబస్_పిచ్చి:
సీటు లెక్క సెమిస్టరుకి పెట్టుకోండి, మనిషికి కాదు. ఒకరు ఏడాది ఉంటే రెండు సీట్లు. ఎంఓయూకి ఒక అనుబంధం జోడించి అందులో నాలుగు రాయండి: సీట్ల లెక్క ఏటా కాక ఐదేళ్ల మీద సరిచూడాలి, అక్కడినుంచి నాలుగు వారాల కోర్సుకి వచ్చేవాళ్లు నలుగురైతే ఒక సీటుకి సమానం, ట్రాన్స్‌క్రిప్టు ఫలితాలొచ్చిన ఐదు వారాల్లో పంపాలి, ఒప్పందం రద్దయినా అప్పటికే వెళ్లినవాళ్లు చదువు పూర్తిచేయాలి. "డ్యూయల్ డిగ్రీ" అన్న మాట మాత్రం పొరపాటున కూడా పడనివ్వకండి, దానికి యూజీసీ 2022 నిబంధనలు వేరే ఉన్నాయి.

వచ్చేవాళ్ల కోసం: హాస్టల్లో దిగిన 24 గంటల్లో వార్డెన్ ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు కార్యాలయానికి) ఆన్‌లైన్లో తెలపాలి. 180 రోజులు దాటే స్టూడెంట్ వీసా అయితే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్. ఆ లాగిన్ వార్డెన్ పేరు మీద ఇప్పుడే తీయించండి.